ఆర్గన్ అంటే అవయవమేనా?

ఆర్గన్ అంటే అవయవం. స్కూల్లో అలాగే నేర్చుకున్నాం, డిక్షనరీలు కూడా అదే చెప్తాయి. గుండె, కిడ్నీ, కాలేయం గురించి మాట్లాడుకున్నంతసేపూ ఈ అనువాదంతో పేచీ లేదు. ఫ్రెంచ్ థియరీని తెలుగులో చెప్పుకోబోయినప్పుడే అసలు చిక్కు.

ఆంటొనిన్ ఆర్తో 1947లో ఫ్రెంచ్ రేడియో కోసం ఒక కార్యక్రమం రికార్డ్ చేశాడు. దేవుడి తీర్పుతో తెగదెంపులు చేసుకోవడం దాని విషయం. 1948 ఫిబ్రవరిలో, ప్రసారానికి ముందురోజు, రేడియో పెద్దలు దాన్ని ఆపేశారు. మనిషికి విముక్తి కావాలంటే ఆర్గన్లు లేని దేహం కావాలన్నది అందులోని ఊహ. డెల్యూజ్, గ్వత్తారీ 1972లో 'యాంటీ-ఈడిపస్'లోనూ, 1980లో 'ఎ థౌజండ్ ప్లేటోస్'లోనూ ఆ ఊహని సిద్ధాంతంగా పెంచారు. తమ గొడవ ఆర్గన్లతో కాదనీ, వాటిని ఒక క్రమంలో బిగించే ఆర్గనిజంతోననీ తేల్చి చెప్పారు కూడా.

ఇప్పుడు దీన్ని తెలుగులో 'అవయవాలు లేని దేహం' అని చూడండి. కళ్ళముందు ఏం కనిపిస్తుంది? కాళ్ళూ చేతులూ తెగిన మొండెం. విముక్తి కాస్తా వైకల్యం అయిపోయింది. ఆర్గన్, ఆర్గనిజం, ఆర్గనైజేషన్ అక్కడ ఒకే కుదురు మాటలు. ఇక్కడ అవయవం, జీవి, సంస్థ: ఒకదానికొకటి ముఖపరిచయం కూడా లేదు. వాదం మొత్తం ఆ చుట్టరికం మీదే నడుస్తుంటే, మన వాక్యంలో అదే తెగిపోయింది.

ఆర్గన్‌కి మూలం గ్రీకు 'ఆర్గనాన్'. అంటే పనిముట్టు. 'పని' అనే అర్థమున్న 'ఎర్గాన్'కి దగ్గరి బంధువు. ఎనర్జీ అన్న మాటా ఆ ఇంటిదే. అందుకే చర్చిలో వాయించేదీ ఆర్గనే, పార్టీ నడిపే పత్రికా ఆర్గనే. అరిస్టాటిల్ చేతిని పనిముట్లకే పనిముట్టుగా చూశాడు. ఆయన తర్కగ్రంథాలకి తర్వాతివాళ్ళు పెట్టిన పేరు కూడా 'ఆర్గనాన్' అనే.

అవయవం దారి వేరు. అవయవమంటే భాగం; భాగాలున్న మొత్తం అవయవి. మన న్యాయశాస్త్రంలో అనుమాన వాక్యానికి అయిదు అవయవాలు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. తర్కం అక్కడ పనిముట్టయితే, ఇక్కడ వాదం భాగాల కూర్పు. పనిముట్టు అనగానే 'ఎవరి చేతిలో?' అన్న ప్రశ్న వస్తుంది. భాగం అంటే ఆ ప్రశ్న రాదు. ఆర్తో తిరగబడింది సరిగ్గా ఆ చేతి మీదే.

పోనీ ఇంద్రియం అందామా? పాణిని ఆ మాటని ఇంద్రుడి పేరు నుంచి సాధించాడు. కాశికావృత్తి ఇంకో అడుగు ముందుకేసి, ఇంద్రుడంటే ఆత్మ అంటుంది. కన్ను లాంటి కరణాలు ఉన్నాయంటే వాటిని వాడే కర్త ఉండి తీరాలని దాని తర్కం. ఆర్తోకి ఒళ్ళుమండేది ఇక్కడే. కానీ 'ఇంద్రియాలు లేని దేహం' అంటే మనకి తోచేది తిరుగుబాటుదారు కాదు, తపస్సు చేసుకునే యోగి. పైగా 'సేంద్రియ' ఎరువుల బస్తా మీద కూడా ఆ ఇంద్రుడే కూర్చుని ఉన్నాడు.

కాశికలో దొరికిన 'కరణం' మాత్రం అచ్చంగా పనిముట్టే. ఉపకరణం, అంతఃకరణం, త్రికరణశుద్ధి మనం రోజూ వాడే మాటలు. ప్రపంచీకరణ లాంటి మాటల తోకలోనూ అదే ధాతువు. ఆర్గన్ కుటుంబానికి దీటైన కుటుంబం ఇది. ఒక్కటే ఇబ్బంది: 'కరణాలు లేని దేహం' అంటే, ఆ పని ఊళ్ళకి 1984లోనే ఎన్టీఆర్ చేసిపెట్టాడు కదా అని ఎవరైనా నవ్వొచ్చు. నవ్వనివ్వండి. మొండెం కంటే నవ్వు నయం. నా ఓటు కరణానికే. లేదంటే తిన్నగా 'పనిముట్టు కాని దేహం' అందాం.

ఇదంతా పదాల పట్టింపు కాదు. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం మళ్ళీ తిరగేయండి. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' చదవండి. పేరులోనే 'పని' ఉంది. మన స్త్రీవాద కవులు శరీరాన్ని వద్దనలేదు. ఆ శరీరానికి ఇంకెవరో రాసిచ్చిన డ్యూటీ చార్టుని చించేశారు. గర్భసంచి ఒక భాగమా, ఎవరి వంశం కోసమో పెట్టిన పనిముట్టా అన్న ప్రశ్న తెలుగులో అడగడానికి డెల్యూజ్ అనువాదం కోసం ఎవరూ ఆగలేదు. కానీ అనువాదకులు 'అవయవం' దగ్గరే ఆగిపోతే, ఈ రెండు ఆలోచనలూ ఒకే గదిలో ఉండి కూడా పలకరించుకోవు.