వరుసలోనే ర్యాంకు

శుక్రవారం పొద్దుగూకిందంటే మా జనగామలో ఇంటికొకరు డాబా ఎక్కాల్సిందే. పైన ఒకరు యాంటెన్నా గొట్టం పట్టుకుని తిప్పేవారు, కింద టీవీ ముందు ఒకరు కూర్చునేవారు, మధ్యలో మెట్ల మీద కబురందించే పిల్లవాడు ఒకడు. ఆ పిల్లవాణ్ని నేనే.

“వచ్చిందా?”

“రాలే. అన్నీ చుక్కలే.”

“ఇప్పుడు?”

“ఆ, మంచిగొచ్చింది. ఇగ కదపకు బాపూ!”

యాంటెన్నా ముఖం పడమరకు, ఎనభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని హైదరాబాద్ వైపు ఉండేది. కాకి వాలినా తల తిప్పుకునేది. ఈ తిప్పలన్నీ ఒక్క అరగంట కోసం. 1977లో మొదలైన హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం తెలుగు సినిమా పాటలకిచ్చిన అరగంట అది, చిత్రలహరి. 2019లో కిశోర్ తిరుమల తన సినిమాకు ఆ పేరే పెట్టుకున్నాడంటే, నలభై దాటిన వాళ్లకు కారణం చెప్పక్కర్లేదు.

పాటలకు పోటీ పెట్టి, కింది నుంచి ఒక్కో అంకే చదువుకుంటూ వచ్చి, ఒకటో నంబరు దగ్గర ఊపిరి బిగబట్టించడం పాత విద్యే. 1952 డిసెంబరులో రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా మొదలుపెట్టిన అమీన్ సయానీ ర్యాంకు అనేవాడు కాదు, ‘పాయ్‌దాన్’ అనేవాడు, మెట్టు అన్నమాట. బీబీసీ 1964 జనవరి 1న ఎత్తుకున్న టాప్ ఆఫ్ ది పాప్స్ 2006 దాకా నడిచింది. మన దూరదర్శన్ మెట్రో ఛానల్లోనూ 1990ల మొదట్లో సూపర్‌హిట్ ముకాబ్లా వచ్చింది, వ్యాఖ్యాత బాబా సెహగల్ హడావిడితో. (ఆయనే 2015 నాటి ‘రుద్రమదేవి’లో వేషం కట్టాడు. కాకతీయుల కథ కాబట్టి ఓరుగల్లు చుట్టుపక్కల వాళ్లం ఆయన్ని మా లెక్కలో వేసుకున్నాం.)

చిత్రలహరి వీటికి దూరపు చుట్టం. అంకెల్లేవు, పోటీ లేదు. నాకు గుర్తున్నంతలో పాటకూ పాటకూ మధ్య మాట్లాడే మనిషి కూడా లేడు. అయినా అది ముగిసేసరికి ఊరంతటికీ ఏ పాట మొదటిదో, ఏది రెండోదో తెలిసిపోయేది. ఆ పనితనం ఎక్కడుందో నాకు చాలా ఏళ్లు అంతుపట్టలేదు.

జనగామ పక్కనే పెంబర్తి. అక్కడి ఇత్తడి రేకు పని దగ్గర్నుంచి చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. పువ్వును ముందువైపు నుంచి చెక్కరు. రేకును లక్క మీద బోర్లించి వెనక నుంచి సుత్తితో కొడతారు. గుడి తలుపు మీద మనకు కనబడేది ఉబ్బిన పువ్వే, దెబ్బ కాదు. చిత్రలహరిని కూర్చిన చేతులూ అలా వెనక నుంచే కొట్టాయి.

లెక్క చూడండి. నాలుగున్నర, ఐదు నిమిషాల సినిమా పాట అరగంటలో ఐదారుకు మించి పట్టదు, అందులోనూ ప్రకటనలకు చోటివ్వాలి. అంటే వారం మొత్తానికి ఐదు నిర్ణయాలు. ఘంటసాల, సుశీలల నలుపు తెలుపు యుగళగీతం పక్కన చక్రవర్తి డప్పు పాట పెడితే మొదటిది వెలవెలబోతుంది. అదే డప్పు పాట ముందు వచ్చి ఘంటసాల తర్వాత వస్తే వేడి మీద చల్లటి నీళ్లు చల్లినట్టుంటుంది. ఆ తేడా తెలిసినవాళ్లే ఆ వరుస పేర్చేవారని నేను ఒట్టేసి చెప్పగలను. కొత్త సినిమా పాట చివర్లోనే వస్తుందని మా వాడకట్టు నమ్మకం. అందుకే మొదటి పాట నచ్చకపోయినా ఎవరూ లేచేవారు కారు. ‘ఒకటో నంబరు’ అని నోటితో అనకుండానే మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టేశారు.

పాట ఎత్తుకోగానే అడుగున అక్షరాలు పడేవి. సినిమా, సంగీతం, గానం, రచన. థియేటర్లో టైటిల్స్ అప్పుడు పల్లీలు కొనుక్కునే జనానికి పాట రాసినవాడి పేరు చదవడం అలవాటైంది ఇక్కడే. ‘ఇద్దరు మిత్రులు’ లాంటి 1961 నాటి సినిమా పాట కింద దాశరథి పేరు పడితే మానుకోట వాళ్లకు ఆ రాత్రి వేరు. ఆయన పుట్టిన చినగూడూరు వాళ్ల ఊరి పక్కదే మరి. మహబూబాబాద్ అని రైల్వే బోర్డు ఎన్నేళ్లు చెప్పినా మనుషులకు అది మానుకోటే, ఆయన అక్కడి కవే.

ఇంకో విచిత్రం నాకు ఈమధ్యే తెలిసింది. సినిమా రీలు సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. మన టీవీకి సెకనుకు 25 కావాలి. రీలును టీవీ బొమ్మగా మార్చే టెలిసినీ యంత్రం ఆ ఇరవై నాలుగింటినే కాస్త తొందరగా, ఇరవై అయిదు లెక్కన తిప్పేస్తుంది. ఐదు నిమిషాల పాట 12 సెకన్ల ముందే అయిపోతుంది. శ్రుతి కూడా పైకి జరుగుతుంది, హార్మోనియం మీద ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ ఉన్న ఎడంలో మూడింట రెండొంతులు. టీవీలో పాట ఎందుకో హుషారుగా ఉంటుందని మా అమ్మ అంటే నవ్వేవాళ్లం. ఆమె చెవే నిజం.

నష్టాలూ ఉన్నాయి. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో తెలుగుకు సినిమాస్కోప్ వచ్చింది. ఆ వెడల్పాటి బొమ్మ మా చెక్క షట్టర్ల ఈసీ టీవీలో పట్టేది కాదు. ఒక చివర హీరో ముక్కు, ఇంకో చివర హీరోయిన్ జడ, మధ్యలో ఖాళీ తోట. ఆ తోటైనా నలుపు తెలుపే. అయితేనేం, బొమ్మ సగమైనప్పుడు మిగిలిన సగం పాట మోయాలి. ఆ సంగతి ఎరిగే పాటల్ని ఏరారనిపిస్తుంది. చూడ్డానికి తప్ప వినడానికి పనికిరాని పాట నాకు ఒక్కటీ గుర్తులేదు.

అసలు ర్యాంకులు మర్నాడు తేలేవి. శనివారం పొద్దున క్యాసెట్ల షాపు ముందు, నచ్చిన పాటలు రికార్డు చేయించుకోవడానికి చీటీలు పట్టుకుని నిలబడేవాళ్లం. ఖాళీ సి-60 క్యాసెట్ ఒక్కోవైపు 30 నిమిషాలు, సరిగ్గా ఒక చిత్రలహరి. ‘ఎ’ వైపు మొదట ఏ పాట ఉండాలన్న దగ్గర చాలా సేపు తర్జనభర్జన. ఎవరింట్లో వాళ్లదే ఒకటో నంబరు. తీరా ఇంటికి తెచ్చి వేస్తే పాట కాస్త నీరసంగా వినబడేది. షాపువాడి మిషన్ బాగాలేదని తిట్టుకున్నాం. పాపం, ఆయన పాటను దాని అసలు వేగంలోనే ఇచ్చాడు.

మా మేనమామ భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడు. రెండో షిఫ్టు పడిన వారం ఆయన పాటల వేళకు బాయిలోనే ఉండేవాడు. రాత్రి ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చోగానే పిల్లలు వరుస అప్పజెప్పాలి. మొదట ఇది, తర్వాత ఇది, మధ్యలో కరెంటు పోయింది, చివరిది ఇది. ఏ పాటలని మాత్రమే అడిగి ఊరుకునేవాడు కాదు, దేని తర్వాత ఏది వచ్చిందో చెప్పమనేవాడు. ఆ అరగంట పనితనాన్ని ఆయనకంటే బాగా పట్టుకున్న విమర్శకుణ్ని నేను చూడలేదు.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. పాటలు శుక్రవారం దాకా ఆగడం మానేశాయి. అదే ఏడు ‘తాజ్‌మహల్’తో చంద్రబోస్ సినిమా పాట మొదలైంది. ఆయనది ఇప్పటి భూపాలపల్లి జిల్లా చిట్యాల మండలం చల్లగరిగె. 2023లో ఆస్కార్ అందుకున్న రచయిత పేరును టీవీ అడుగున అక్షరాల్లో వెతుక్కుంటూ చదివే రోజులు అప్పటికే వెళ్లిపోతున్నాయి.

మీ ఇంటి అటక మీద అలాంటి సి-60 ఏదైనా మిగిలి ఉంటే, టేపు పాడైపోయినా సరే, డబ్బాలో మడిచిపెట్టిన పాటల వరుస కాగితాన్ని మాత్రం పారేయకండి.