‘బ్రతుకలేక బడిపంతులు’: ఒక సామెతపై విమర్శ

మన భాషలో సామెతలకు కొదువ లేదు. వానిలో అనేకములు పెద్దల యనుభవసారములు. కొన్ని మాత్రము మన తప్పులపై మనము కప్పుకొన్న దుప్పట్లు. ‘బ్రతుకలేక బడిపంతులు’ అనునది యీ రెండవ తెగకు చేరినది. ఈ మాట పెండ్లిచూపులలోను, రచ్చబండల యొద్దను, ఒక్కొక్కప్పుడు పంతుళ్ల నోటనే నవ్వుచు పలుకబడుచుండును. నవ్వుటకు పుట్టిన మాటను విమర్శింప బూనుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని యొక జాతి తన గురువుల నెట్లు చూచుచున్నదో తెలిసికొనుటకు శాసనములకంటె సామెతలే నమ్మదగిన సాక్ష్యము గదా!

ఈ సామెతలో రెండర్థములు దాగియున్నవి. పంతులు జీతముతో బ్రతుకుట కష్టమనునది మొదటిది. మఱియే పనికిని చాలనివాడే బడిలో చేరుననునది రెండవది. మొదటిది సమాజముమీది నేరారోపణ. రెండవది పంతులుమీది యవహేళన. ఆ నేరమును ఈ యవహేళనతో కప్పిపుచ్చుటయే యీ సామెత చేయు మోసము. చాలీచాలని జీత మిచ్చువారము మనము; చేతగానివాడని పేరు మోయువాడు పంతులు.

రెండవ యర్థ మబద్ధమని చూపుటకు దూరము పోనక్కఱలేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు బడిలో పాఠములు చెప్పి జీవించినవారే. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. గురజాడ అప్పారావుగారును విజయనగరమున కొంతకాలము బోధించినవారే. వితంతువుల దుఃఖమును తన దుఃఖముగా చేసికొన్నవారు, సవరల భాషను శ్రమించి నేర్చి దానికి గ్రంథరూప మిచ్చినవారు, కన్యాశుల్కమును వ్రాసినవారు, అందఱును ఈ వృత్తినుండి వచ్చినవారే. చేతగానితనమే పంతుళ్ల లక్షణమైనచో మనకు నవీనాంధ్ర సాహిత్యమే లేకపోయెడిది.

ఇక మొదటి యర్థము. ఇది యబద్ధము కాదు; దీనికి పాత లెక్కలున్నవి. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నవి. అంతకుముందు అనంతపురము జిల్లాలో నుండెను. 1882 లో ఆ జిల్లా యేర్పడుటకు పూర్వము బళ్లారి జిల్లాలో నుండెను. 1823 లో ఆ బళ్లారి జిల్లా కలెక్టరు కాంబెల్ దొర, తెలుగు వ్యాకరణము రచించిన యాయనయే, తన జిల్లా బడులను లెక్కించి ప్రభుత్వమునకు నివేదిక పంపెను. 9,27,857 మంది జనములో బడులు 533, చదువుకొను పిల్లలు 6,641. అనగా బడికి పండ్రెండుగురు. వేయిమందికి ఇంచుమించు ఏడుగురు మాత్రమే. పూర్వము బడులున్న పెక్కు గ్రామములలో నిప్పుడు లేవనియు, ప్రజల బీదతనమే యిందుకు కారణమనియు, సీమ బట్టల రాకచే ఇచ్చటి నేతపనివారి బ్రతుకులు చెడుటయు నందొక భాగమనియు ఆయన దాచక వ్రాసెను. మగ్గ మాగినచోట బడియు ఆగునను సత్యము ధర్మవరము వంటి నేతయూరి వారికి మనము చెప్పవలసినది కాదు.

ఈ దత్తమండలములకే 1800 నుండి 1807 వఱకు కలెక్టరుగా నుండిన సర్ థామస్ మన్రో, పిమ్మట మద్రాసు గవర్నరై, 1826 లో ఆ నివేదికలన్నిటిని పరిశీలించెను. ఉపాధ్యాయులకు సాధారణముగా నెలకు ఆఱేడు రూపాయలకు మించి రాదనియు, అంతమాత్రమునకు యోగ్యులెవరు నీ వృత్తికి రారనియు ఆయన తేల్చెను. జిల్లా బడి పంతులుకు 15 రూపాయలు, తాలూకా బడి పంతులుకు 9 రూపాయలు సర్కారు జీతముగా నీయవలెనని సూచించుచు, తాలూకా పంతులు మఱియొక తొమ్మిదియైనను పిల్లలయొద్ద సంపాదించుకొనునని లెక్క కట్టెను. జబ్బును సరిగా గుర్తించినవాడే మందును సగము మాత్రము వ్రాసియిచ్చి, మిగిలిన సగము బిచ్చమెత్తుకొమ్మన్నట్లయినది. అట్లు తెఱచిన బడులు పదియేండ్లకే, 1836 లో, మూతపడెను.

అది రెండువందల యేండ్లనాటి కథ. ఇప్పుడు మాఱలేదా యని పాఠకు లడుగవచ్చును. మాఱినది. 2022 నాటి వేతన సవరణ ప్రకారము ఆంధ్రప్రదేశ్ లో సెకండరీ గ్రేడు ఉపాధ్యాయుని మూలవేతనము 32,670 రూపాయలతోను, స్కూలు అసిస్టెంటు మూలవేతనము 44,570 రూపాయలతోను ప్రారంభమగుచున్నది. 2025 లో ప్రభుత్వము 16,347 ఉపాధ్యాయ పదవులకు ప్రకటన చేయగా మూడు లక్షలకు పైగా అభ్యర్థులు పోటీపడిరి. ‘బ్రతుకలేక’ పోయిన వృత్తికి ఇంతమంది యెగబడుదురా? సర్కారు బడి పంతులుకు సామెత కాలము తీఱినదనుట న్యాయమే.

అయితే సామెత చావలేదు, ఇల్లు మాఱినది. అది యెచ్చట కాపురమున్నదో నాకొక రైలు ప్రయాణమున తెలిసినది. ధర్మవరమునుండి హిందూపురమునకు పోవుచుండగా నా యెదుట నొక యువతి నోటుపుస్తకముల కట్ట యొడిలో పెట్టుకొని దిద్దుచుండెను. ఆమె యొక ప్రైవేటు పాఠశాలలో గణితము చెప్పుచున్నది. పట్టభద్రురాలు, ఉపాధ్యాయ శిక్షణ పొందినది. మాటలలో జీతము ప్రసంగము వచ్చెను.

“మా క్లాసులో చానామంది మగ్గాలోళ్ల బిడ్డలే సార్. నా నెల జీతమంతా పెట్టినా వాళ్లమ్మలు నేసే మంచి పట్టుచీర ఒక్కటి రాదు. వేసవి సెలవులకు అదీ ఉండదు” అనెను.

“మఱి యేల చేయుచున్నావమ్మా?” అంటిని.

“ఇంట్లో ఊరికే కూర్చునేదానికన్నా మేలు గదా అంటారు మా యింట్లో. స్కూల్లోనూ అదే మాట అంటారు సార్.”

నే నామెకు సమాధానము చెప్పలేకపోతిని. పాత సామెత పోయినచోట నీ క్రొత్త సామెత మొలచినదని యప్పుడు గ్రహించితిని. ‘బ్రతుకలేక’ యనుట మగవాని పనికి కట్టిన వెల. ‘ఊరకే కూర్చుండుటకంటె మేలు’ అనుట ఆడుదాని పనికి కట్టిన వెల. మొదటి మాటలో జాలి కొంత యుండెను. రెండవదానిలో అదియును లేదు. భర్త జీతమో, తండ్రి పెన్షనో యున్నది కాబట్టి ఆమె శ్రమకు ధర తగ్గించవచ్చునను ఈ న్యాయము వీథికొట్టులో చెల్లునా? కొనువాని యింట బియ్యమున్నవని కోమటి సగము ధరకు పప్పు తూచునా?

సర్కారును ఈ దోషమునుండి తప్పించుకొనలేదు. 1980 ల దశకములో నెలకు 398 రూపాయల స్థిర వేతనముపై ‘స్పెషల్ టీచర్లు’ నియమింపబడిరి. ఆ యంకెయే వారి పేరై నిలిచినది. అంగన్‌వాడీ కార్యకర్తల మాట మఱింత విచిత్రము. మూడేండ్ల బిడ్డకు మొదటి మాట, మొదటి పాట, మొదటి యంకె నేర్పు ఆమె యుపాధ్యాయురాలే. కాని ఆమె పొందునది జీతము కాదు, ‘గౌరవ వేతనము’. 2019 లో నిర్ణయమైన 11,500 రూపాయలు చాలవని రాష్ట్రమంతట వారు 2023 డిసెంబరు 12 నుండి 42 దినములు సమ్మె చేసిరి. అప్పుడు ప్రభుత్వము వారిపై అత్యవసర సేవల చట్టమును ప్రయోగించెను. పని యాగినప్పుడు అత్యవసరము, వెల కట్టునప్పుడు గౌరవమాత్రము! ఈ రెండు మాటలు నొక్క నోట నెట్లు వచ్చునో విజ్ఞులే చెప్పవలెను.

సమాన శ్రమకు సమాన వేతనము తాత్కాలికోద్యోగులకును చెల్లునని సుప్రీముకోర్టు 2016 లో పంజాబు రాష్ట్ర వ్యాజ్యములో తీర్పు చెప్పినది. 2025 ఆగస్టులో గుజరాతు కళాశాలల ఒప్పంద అధ్యాపకుల వ్యాజ్యములో, గురువును త్రిమూర్తులతో పోల్చి సభలలో శ్లోకములు చదివిన చాలదని ఆ న్యాయస్థానమే మందలించినది. ఏటేట సెప్టెంబరు 5 వ తేదీన శాలువలు కప్పువార లీ వాక్యము నొకసారి మననము చేయుట మంచిది.

జీతము న్యాయమో కాదో చెప్పుటకు ముందు పని యెట్టిదో తెలియవలెను. హిందూపురము కన్నడ దేశపు టంచున నున్నది. ఒకే బెంచీమీద నింట తెలుగాడు బిడ్డ, కన్నడమాడు బిడ్డ, ఉర్దూ ఆడు బిడ్డ కూర్చుందురు. ముగ్గురికి నొకే పాఠ మర్థమగునట్లు చెప్పవలెను. కఱవువచ్చిన యేట తలిదండ్రులు బెంగుళూరునకు పనికి పోయెదరు; పిల్లవాడు అవ్వయొద్ద మిగులును, లేదా వారితో పోవును. వాని నింటికి పోయి పిలిచి, తప్పిన పాఠములు మరల చెప్పువాడు పంతులే. 2009 నాటి విద్యాహక్కు చట్టము జనాభా లెక్కలు, విపత్తులు, ఎన్నికలు తప్ప తక్కిన బోధనేతర పనులు వలదన్నను, మరుగుదొడ్ల ఛాయాచిత్రములు తీసి పంపవలసిన దినములను మన రాష్ట్రపు పంతుళ్లు చూచిరి.

ఇట వచ్చు ఆక్షేపణలు రెండు. ‘సర్కారు పంతుళ్లకు జీతము హెచ్చు, పాఠము తక్కువ’ అందురు. పాఠము చెప్పని వానిని దండింపుడు, ఎవరు వలదనిరి? తగిన జీత మిచ్చినవానికే లెక్క యడుగు నధికార ముండును. సోమరియొకని చూపి శ్రమించు పదుగురి కూలి కోయుట న్యాయము కాదు. ‘రుసుము పెంచనిదే జీతము పెంచలేము’ అని ప్రైవేటు యజమానులందురు. చిన్న బడుల విషయమున నిందు కొంత నిజమున్నది. 2020 లో మహమ్మారిచే బడులు మూతపడగానే వేలకొలది యుపాధ్యాయులు వీథిని పడుటయు, తెలంగాణ ప్రభుత్వము 2021 లో వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ఇచ్చి యాదుకొనవలసి వచ్చుటయు మఱవరాదు. కాని క్రొత్త భవనమునకు, బస్సులకు, గోడపత్రికలకు దొరకిన ధనము పంతులమ్మ జీతమునకే యేల దొరకదు?

కాబట్టి పంతుళ్లకు న్యాయముగా జీతము వచ్చుచున్నదా యను ప్రశ్నకు ఒక్క సమాధానము లేదు. ఒకే వీథిలో, ఒకే వయసు పిల్లలకు, ఒకే యక్షరములు నేర్పు ముగ్గురికి మూడు కొలతలున్నవి. పనిని చూచి కాక నియామక పత్రమును చూచి వెల కట్టుటయే నేటి యన్యాయము.

దీనిని మాన్పుటలో గృహస్థులకును పాలున్నది. బిడ్డను బడిలో చేర్చునప్పుడు రుసుమెంత, బస్సెంత యని యడుగుదుము. మా బిడ్డకు చదువు చెప్పు తల్లికి మీ రేమిచ్చెదరని యెన్నడైన నడిగితిమా? రుసుములను విచారించుటకు 2019 లో చట్టముచే నేర్పడిన నియంత్రణ సంఘము మన రాష్ట్రమున నున్నది. మన ఫిర్యాదులలో రుసుముతోపాటు జీతమును చేర్చుదము. పండ్రెండు నెలలకును జీతము, అదియు బ్యాంకు ద్వారా, అని తలిదండ్రుల సభలలో పట్టుపట్టుదము. అన్నిటికంటె ముందు, మన యింటి కోడలో కూతురో బడికి బయలుదేరునప్పుడు ‘ఊరకే కూర్చుండుటకంటె మేలు’ అను మాటను మన నోట రానీయకుందము. ఆ మాట మన యింటినుండియే బయలుదేరి బడి యజమానిని చేరుచున్నది.