ఉదయనుని న్యాయకుసుమాంజలి – సంశయమునకు గల స్థానము

దైవమునుగూర్చి ప్రశ్నించుటయే పాతకమని మనలో పెక్కుమంది తలంచుచున్నారు. ప్రశ్నించువానిని సభనుండి వెడలగొట్టినచో మతము నిలుచునని వారి యూహ. అట్టివారు తాము పూజించు పూర్వాచార్యుల గ్రంథములనైన తెఱచి చూడలేదని మేము చెప్పవలసియున్నది. ఇందులకు నిదర్శనముగా ఒక్క గ్రంథమును పరిశీలింతము. అది 10వ శతాబ్ది ప్రాంతమున మిథిలయందు వెలసిన ఉదయనాచార్యుని న్యాయకుసుమాంజలి.

ఈశ్వరుడు కలడని తర్కముచే స్థాపించుటకై పుట్టినది ఈ గ్రంథము. ఇందు ఐదు స్తబకములు కలవు. ఒక్కొక్కటి ఒక్కొక్క విధమగు ఆక్షేపమునకు సమాధానము. ఆరంభముననే ఆచార్యుడు తన్ను తానే ప్రశ్నించుకొనెను. వేదాంతులు, సాంఖ్యులు, పాశుపతులు, జైనులు, తుదకు చార్వాకులును ఏదో యొక రూపమున పరమును అంగీకరించుచుండగా, శిల్పులు సైతము విశ్వకర్మ యని కొలుచుచుండగా, ఇక విచారణ యేల? దీనికి ఆయన చెప్పిన సమాధానము గమనింపదగినది. ఈ తర్కచర్చ శ్రవణము తరువాతిదగు మననము; అదియు నొక యుపాసనయే. విచారించుట భక్తికి విరోధి కాదని ఇంతకంటె స్పష్టముగా చెప్పుట యెట్లు?

కంటికి కానరానిది లేదను చార్వాకుని ఆచార్యుడు చక్కగా పరిహసించెను. ఆ న్యాయముచొప్పున, ఇల్లు వెడలిన చార్వాకుడు ఆలుబిడ్డలు కానరానందున వారు లేరని గుండెలు బాదుకొని యేడ్వవలసినదే! పరిహాసము పదునైనది. కాని, కానరాకున్నను ఉండవచ్చునని తేలినంతమాత్రమున ఉన్నదని తేలదు. ఆచార్యుడును దీనిని ఎఱుగును. కావుననే ఐదవ స్తబకమున వేఱుగ సాధకయుక్తులను చూపెను.

వానిలో మొదటిది, కార్యమైన కుండకు కర్త యున్నట్లు కార్యమైన భూమికిని కర్త యుండవలెననుట. ఇచ్చట మాకు తృప్తి కలుగలేదు. మట్టి మాఱినచోటనెల్ల కర్తను ఊహించినచో పుట్టయు కుమ్మరి చేసినదే కావలెనని 7వ శతాబ్దివాడగు బౌద్ధుడు ధర్మకీర్తి అంతకుముందే ఆక్షేపించియుండెను. కుమ్మరి కుండను చేయుట మనము చూచితిమి. పర్వతమును చేయుట ఎవరు చూచిరి?

సంశయమునకు హద్దు మన నడవడియే యని ఆచార్యుని మఱియొక సిద్ధాంతము. అన్నముచే ఆకలి తీఱునా యని సందేహించుచునే విస్తరి ముందు కూర్చుండువాడు తన సందేహమును తానే ఖండించుకొనుచున్నాడు. ఇది నిజము. అయినను 12వ శతాబ్దిలో శ్రీహర్షుడు తన ఖండనఖండఖాద్యమున ఆ శ్లోకమునే కొన్ని పదములు మార్చి యెదురు త్రిప్పెను: విరోధము కలదన్నచో సంశయమును కలదన్నట్లే గదా! అటుపిమ్మట గంగేశోపాధ్యాయుడు తత్త్వచింతామణియందు శ్రీహర్షునకు బదులు చెప్పెను. ఈ హద్దు అన్నమునకు, నిప్పునకు చెల్లునని మా యభిప్రాయము. దైవమును సందేహించువాడో, పొలము దున్నుచునే యున్నాడు, అప్పు తీర్చుచునే యున్నాడు. అతని నడవడి అతని సందేహమును ఖండించుట లేదు.

ఇన్ని లోపములు చూపియు ఈ గ్రంథమును మేము గౌరవింతుము. గ్రంథాంతమున ఆచార్యుడు నాస్తికులకొఱకు ప్రార్థించెను. ఖండించుటకైనను వారు నిన్నే చింతించిరి గదా, కాలక్రమమున వారినిగూడ దయతో తరింపజేయుమని ఈశ్వరుని వేడుకొనెను. జీవితమంతయు వాదించిన ప్రతిపక్షిపై ఇట్టి కరుణ చూపగల విశ్వాసము ప్రశ్నకు వెఱచునది కాదు.

కావున చదువరులారా, నమ్మువాడు తన నమ్మకమునకు కారణము చెప్పవలెను. నమ్మనివాడును తన నిరాకరణమునకు కారణము చెప్పవలెను. పుట్టుకచే వచ్చిన ఆస్తికత్వమును, చూచి నేర్చిన నాస్తికత్వమును ఒక్కతీరున విచారణము లేనివే. ఒకరి మాటను ఒకరు తుదివఱకు వినిన ఆ పండితుల వారసులమని చెప్పుకొనుచు, వినకుండ తలుపు మూయుట మనకు తగదు.