అంగుళంలో ఒదిగిన పనితనం

అమెరికా కాలేజీల్లో అమ్మాయిల సంఘాలను సోరోరిటీలంటారు. సభ్యురాలు గుండెకు దగ్గరగా పెట్టుకునే పిన్ను అంగుళం పొడవుంటే ఎక్కువ. ఆ కాస్త చోటులో స్వర్ణకారులు చూపే నేర్పు నాకెప్పుడూ అబ్బురమే.

ఒక్కో సంఘం పిన్నుది ఒక్కో రూపం. 1870లో మొదలైన కప్పా కప్పా గామాది బంగారు తాళంచెవి. పై బీటా ఫైది బాణం. సంగీతం చదివే అమ్మాయిలు 1885లో స్థాపించిన ఆల్ఫా కై ఒమెగాది లైర్ అనే తంత్రీవాద్యం. నాకు బాగా నచ్చేది డెల్టా గామా పిన్ను. మొదట ‘హోప్’ అన్న మాటకు గుర్తుగా హెచ్ అక్షరం ఉండేది. 1877లో దాని స్థానంలో లంగరు వచ్చింది. క్రైస్తవ సంప్రదాయంలో లంగరంటే ఆశే. రూపం మారినా భావం నిలిచింది!

అసలు కష్టం పిన్నుల్లో పొదిగే ముత్యాల దగ్గర. ఆవగింజలంతటి వాటిని ఒకే సైజువి ఏరి, వరసగా పొదిగి, సన్నటి బంగారు కొనలను వంచి బిగించాలి. ముత్యం మెత్తనిది, పనిముట్టు జారితే గీత పడుతుంది. కప్పా ఆల్ఫా థీటా గాలిపటం పిన్నులో నల్ల ఎనామిల్ మధ్య తెల్ల పట్టీ అంచు చెదరకుండా నిలవాలి. ఇక వెనకవైపు సభ్యురాలి పేరు చెక్కడం మరో సూక్ష్మమైన పని.