పదిహేను అంకెలు, ఒక టముకు

భీమడోలులో ద్వారకా తిరుమల ఆటోలు ఆగేచోట కరెంటు స్తంభానికి ఈ వారం ఓ కాగితం అంటించారు. ‘మా రాణి తప్పిపోయింది. గోధుమరంగు ఆడకుక్క. చిప్పు వేయించాం.’ కింద ఫోన్ నంబరు వానకు కారిపోయి సగమే మిగిలింది. నాకు ఒళ్లు మండింది.

చిప్పు వేయిస్తే కుక్క ఎక్కడుందో ఫోన్లో కనిపిస్తుందనుకుంటారు చాలామంది. కనిపించదు. అది బియ్యపు గింజంత గాజుగొట్టం, లోపల బ్యాటరీ ఉండదు. మెడ వెనక, భుజాల మధ్య చర్మం కిందికి సూదితో దించుతారు. రీడరు దగ్గర పెడితే తన పదిహేను అంకెల నంబరు చెబుతుంది, అంతే. ఆ నంబరుకు ఎదురుగా యజమాని ఇప్పటి ఫోను ఎక్కడో నమోదై ఉండాలి. ఆగడాలలంకలో చేపల చెరువుగట్టు మీద కుక్క దొరికితే కాపలా మనిషి చేతిలో టార్చిలైటు ఉంటుంది గానీ రీడరు ఎక్కడిది?

నాకు నంబర్లంటే పడదని ఈ కాలమ్ పాతకాపులకు తెలుసు. ఇక బందెలదొడ్డి పురాణం ఎత్తుకుంటాననీ తెలుసు. ఎత్తుకుంటున్నాను.

1871లో తెల్లదొరలు చేసిన బందెలదొడ్డి చట్టం జుల్మానా వసూలుకే పుట్టింది, జాలితో కాదు. అయినా పకడ్బందీగా రాశారు. చేలోపడ్డ పశువును తోలుకొస్తే రిజిస్టరులో రాయాలి: ఎన్ని, పోలికలేమిటి, ఏ రోజు, ఏ గంట, తోలుకొచ్చిందెవరు, తెలిస్తే సొంతదారెవరు. ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే పోలీసు స్టేషనుకు కబురు. అక్కడ నోటీసు, ఊళ్లోనూ దగ్గర్లోని సంతలోనూ టముకు. ఇంకో ఏడు రోజులు చూసి వేలం.

మా చిన్నప్పుడు రైతులు దొడ్డి తడిక బయట నిలబడి ఆనవాళ్లు చెప్పేవారు. కుడికొమ్ము వంకర, నొసట సుడి, తోక కొసన తెలుపు. ఒకే గేదెకు ఇద్దరు తగువుకొస్తే, పెద్దాయన ఒకరు పలుపు విప్పి వదిలెయ్యమనేవారు. ఎవరింటికి నడిస్తే గేదె వాళ్లది. ఏ రీడరూ ఇవ్వలేని తీర్పని ఇదే కాలమ్‌లో మురిసిపోతూ రాశాను.

మరి నిన్నగాక మొన్న సంతలో కొన్న గేదె అయితే? తిన్నగా పాత ఇంటికే నడుస్తుంది. డబ్బు పోసినవాడు నోరు కొట్టుకోవాలి. పైగా ఆ ఆనవాళ్లన్నీ పొలిమేర దాకానే చెల్లేవి. హైవే మీద లారీ ఎక్కేసి తాడేపల్లిగూడెంలో దిగిన కుక్కను అక్కడ ఎవరు పోలుస్తారు? మెడబెల్టు ఊడొచ్చు. చర్మం కింది గింజ అంత తేలిగ్గా ఊడదు.

పశువులకు ఆ సంగతి ముందే తెలిసొచ్చింది. పన్నెండంకెల పసుపు ట్యాగు చెవికి వేలాడేసుకుని తిరుగుతున్నాయి. దాన్ని కళ్లతోనే చదవొచ్చు. ఇక కొడుకుతోపాటు కుక్కనూ అమెరికా పంపేవారికి 2024 ఆగస్టు 1 నుంచి చిప్పు తప్పనిసరి. అదీ రేబిస్ టీకాకు ముందే వేయించాలి, లేదా అదే రోజు. వరస తప్పితే ఆ టీకా లెక్కలోకి రాదు.

కాబట్టి చిప్పు వేయించండి. ఫోన్ నంబరు మారితే గ్యాసు కంపెనీకి చెప్పినట్టే చిప్పు నమోదు చేసినవాళ్లకూ చెప్పండి. ప్రభుత్వాన్ని నేనడిగేది ప్రతి మండలంలోనూ పశువుల ఆసుపత్రి బల్ల మీద ఒక రీడరు. టముకువాడి జీతం అడగను. ఆ పని మన వాట్సాప్ గ్రూపులు ఉచితంగా, అవసరానికి మించే చేస్తున్నాయి.