మంత్రగత్తె ఇంటి కాపరి

చిక్కుముడులు విప్పి తాళం వేసిన గది నుంచి బయటపడే ఆట ఎస్కేప్ రూమ్. అందులో గెలిచి బయటపడ్డవాళ్లు తమ తెలివిని తామే మెచ్చుకుంటారు. నేను మెచ్చుకునేది పక్కగదిలో కెమెరా తెర ముందు కూర్చుని, ఆట సాగే 60 నిమిషాలూ వాళ్ల మీదే కన్నేసి ఉంచిన మనిషిని. గేమ్ మాస్టర్ అంటారు.

2007లో క్యోటోలో తకావో కాటో మొదలుపెట్టిన ఈ ఆట, 2011లో బుడాపెస్ట్‌లో పారాపార్క్ వచ్చాక యూరప్‌లో పాకింది. జైళ్లూ దెయ్యాల కొంపలూ ఎన్ని ఉన్నా, నాకు కథల గదులే ఇష్టం. హాన్సెల్, గ్రెటెల్ చిక్కుకున్న మంత్రగత్తె ఇల్లయితే పొయ్యి కనపడగానే పిల్లల కళ్లు అటే పోతాయి. కథ ముందే తెలుసు మరి! సిండ్రెల్లా గదిలో గాజు చెప్పును సరైన పీట మీద పెట్టగానే తలుపు తెరుచుకుంటుంది. చెప్పులో చిన్న అయస్కాంతం, పీట కింద రీడ్ స్విచ్, తలుపుకు విద్యుదయస్కాంతపు తాళం. కరెంటు ఆగితే తాళం పట్టు వదిలేస్తుంది. ఇంత తెలిసినా ఆ క్షణంలో ఒళ్లు పులకరిస్తుంది.

అసలు పనితనం సూచన ఇవ్వడంలో ఉంది. ముందే చెబితే ఆట చప్పబడుతుంది, ఆలస్యమైతే ఆడేవాళ్లు డీలా పడతారు. మంచి గేమ్ మాస్టర్ మాయాదర్పణం గొంతుతో, సగం మాటే చెబుతాడు. మూలన నిలబడ్డ బిడియస్తుడైన పిల్లాడికి ఆ మాట తగిలేలా చూస్తాడు. జట్టు వెళ్లగానే ప్రతి తాళం, ప్రతి గులకరాయి మళ్లీ యథాస్థానంలో పెట్టాలి. ఒక్క తాళంచెవి తప్పినా తర్వాతివాళ్ల ఆట పాడవుతుంది.

మీరు ఆడితే తాళాలను బలంగా లాగకండి. చివర్లో ఫొటో దిగేటప్పుడు ఆ గేమ్ మాస్టర్‌నూ పిలవండి.