ప్రఖ్యాతమా, ఉత్పాద్యమా? ఏకచిత్రాశ్రిత థీమ్ పార్కు సీమలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
థీమ్ పార్కులో ఒక సీమ మొత్తాన్ని ఒకే సినిమా మీద, లేదా ఒకే చిత్రపరంపర మీద ఆధారపడి నిర్మించే పద్ధతి 2010 తరువాత బలపడింది. ఈ పద్ధతి ఎంతవరకు సమంజసమో అమెరికాలోని హాగ్స్‌మీడ్, కార్స్ ల్యాండ్, పండోరా, గెలాక్సీస్ ఎడ్జ్ సీమల ఆధారంగా, మన ఆలంకారికులు చెప్పిన ఇతివృత్తభేదాల వెలుగులో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. దోషం ఒకే మూలాన్ని ఆశ్రయించడంలో లేదనీ, మూలకథలోని కాలాన్నీ నాయకుణ్ణీ సీమ మీద శాసనంగా విధించడంలో ఉందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: థీమ్ పార్కు, సీమ, చిత్రపరంపర, ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రమం, నగరవర్ణన.

1. ఉపోద్ఘాతం:
ఒకసారి మా డిగ్రీ విద్యార్థులతో కలిసి రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లాను. 'బాహుబలి' (2015, 2017) చిత్రాల కోసం అక్కడ వేసిన మాహిష్మతి సెట్టును చిత్రీకరణ ముగిశాక తొలగించకుండా సందర్శకుల కోసం ఉంచారు. అక్కడికి చేరగానే ఒక విద్యార్థి అడిగిన మొదటి ప్రశ్న: "మేడమ్, జలపాతం ఎక్కడ?" ఆ జలపాతం కేరళలోని ఆతిరప్పిళ్లిదనీ, మిగిలినది కంప్యూటర్ చిత్రణ అనీ చెప్పాను. అతని ఉత్సాహం సగం తగ్గిపోయింది. అదే సమయంలో, సినిమా సరిగా గుర్తులేని మరొక విద్యార్థిని కోట ముందు నిలబడి, వచ్చేపోయే తోటివారిని "ఏ ఊరు మీది? ఏం పని మీద వచ్చారు?" అని ద్వారపాలకురాలిలా నిలదీస్తూ అందరినీ నవ్విస్తోంది. సినిమా బాగా తెలిసిన అతనికి ఆ చోటు చాలలేదు. అంతగా తెలియని ఆమెకు సరిపోయింది. ఆ తేడాయే ఈ పరిశీలనకు ప్రేరణ.

మాహిష్మతి సెట్టు సినిమా కోసం కట్టినది, సినిమా తన పని ముగించుకొని వెళ్లగా మిగిలినది. అమెరికాలోని పెద్ద థీమ్ పార్కులలో ఇప్పుడు జరుగుతున్నది దీనికి విలోమం. తెర మీద చూసిన చోటును సందర్శకుల కోసమే, పదికాలాలు నిలిచేటట్టు కడుతున్నారు. థీమ్ పార్కులో ఒకే వాతావరణంతో, తనవైన వీధులతో, భోజనశాలలతో, రైడ్లతో ఉండే భాగాన్ని వారు 'ల్యాండ్' అంటారు. ఈ వ్యాసంలో దానిని 'సీమ' అని వ్యవహరిస్తున్నాను. ఒక సీమను ఒకే చిత్రపరంపరకు అంకితం చేయవచ్చునా అన్నది ప్రశ్న. ఇది వ్యాపార ప్రశ్నగా కనబడినా, కథకూ స్థలానికీ ఉన్న సంబంధాన్ని గురించిన ప్రశ్న కూడా. అందుకే దీని మీద సాహిత్య విద్యార్థులు మాట్లాడవలసినది ఉంది.

2. కథాజాతుల సీమలు:
1955 జూలై 17న కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో డిస్నీల్యాండ్ ప్రారంభమైనప్పుడు దానిలోని ఏ సీమకూ సినిమా పేరు లేదు. అడ్వెంచర్‌ల్యాండ్ సాహసానికి, ఫ్రాంటియర్‌ల్యాండ్ అమెరికా పశ్చిమ సరిహద్దు జీవితానికి, ఫాంటసీల్యాండ్ అద్భుతకథలకు, టుమారోల్యాండ్ భవిష్యత్తుకు చెందినవి. ఇవి కథల పేర్లు కావు, కథాజాతుల పేర్లు. అలాగని సినిమాలకు అక్కడ చోటు లేకపోలేదు. 'స్నో వైట్' (1937), 'పీటర్ పాన్' (1953) రెండూ ఫాంటసీల్యాండ్‌లో ఇరుగుపొరుగు రైడ్లు. ఆ పార్కు నడిబొడ్డున ఉన్న కోటకు 'స్లీపింగ్ బ్యూటీ' పేరు పెట్టారు. ఆ పేరుగల సినిమా విడుదలైనది 1959లో. అంటే కోటే నాలుగేళ్లపాటు సినిమా కోసం ఎదురుచూసిందన్నమాట.

కథాజాతి సీమకు ఉన్న మొదటి గుణం ఆతిథ్యం. 1987లో 'స్టార్ వార్స్' ఆధారంగా వచ్చిన 'స్టార్ టూర్స్' రైడ్ టుమారోల్యాండ్‌లో, 1995లో ఇండియానా జోన్స్ రైడ్ అడ్వెంచర్‌ల్యాండ్‌లో ఇమిడిపోయాయి. రెండవ గుణం ఉత్పాదకత. 1967లో 'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్' రైడ్ మొదలైనప్పుడు దాని వెనుక సినిమా ఏదీ లేదు. సముద్రపు దొంగల కథలన్న జాతి మాత్రమే ఉంది. 2003లో ఆ రైడ్ నుండే సినిమా పుట్టింది. కొడుకు తండ్రిని కన్నట్టున్న ఈ క్రమం ఒకే సినిమాకు అంకితమైన సీమలో జరగడం కష్టం. అక్కడ కథ లోపలికి వస్తుంది గాని బయటికి పోదు.

అయితే ఈ పాత పద్ధతిని ఆదర్శంగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. సరిహద్దు జీవితమంటే వలస వచ్చినవారి వైపు నుండి చూసిన జీవితమే. ఆ నేల మీద అంతకుముందే ఉన్న జాతులు ఆ చిత్రణలో అలంకారప్రాయంగా మిగిలిపోయాయి. భవిష్యత్తుకు మరొక చిక్కు ఉంది, అది త్వరగా ముసలిదవుతుంది. టుమారోల్యాండ్‌ను 1967లోను, మళ్లీ 1998లోను పెద్దయెత్తున మార్చవలసి వచ్చింది.

3. ఇతివృత్తభేదాలు – సాన:
ఇతివృత్తం ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రమం అని మూడు విధాలని మన లాక్షణికులు చెప్పారు. దీనికి రామరాజభూషణుడు 'వసుచరిత్ర'లో చెప్పిన ఉపమానం తెలుగు విద్యార్థులకు సుపరిచితం. కేవల కల్పన కృత్రిమ రత్నం. పూర్వకథ ఉన్నదున్నట్టుగా ఉంటే గనిలో దొరికిన రత్నం. పూర్వకథకు సత్కవి కల్పన తోడైతే సానపట్టిన జాతిరత్నం.

పార్కు యాజమాన్యాలు ప్రఖ్యాతం వైపు మొగ్గడంలో ఆశ్చర్యం లేదు. 2012లో డిస్నీ సంస్థ దాదాపు 400 కోట్ల డాలర్లు వెచ్చించి లూకాస్‌ఫిల్మ్‌ను కొన్నది. అంత వెలపెట్టిన కథను ఒక రైడ్‌కు పరిమితం చేయమని వారికి చెప్పడం అమాయకత్వం. సందర్శకుల వైపు నుండి కూడా ఒక న్యాయం ఉంది. ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టి పిల్లలతో బయలుదేరిన కుటుంబం తనకు తెలిసిన లోకాన్నే చూడాలనుకోవడం తప్పు కాదు. ఉత్పాద్యానికి ఈ భరోసా లేదు. ఫ్లోరిడాలో 1999లో మొదలైన ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కులో 'లాస్ట్ కాంటినెంట్' అనే సీమ ఉండేది. ఏ సినిమా మీదా ఆధారపడకుండా పురాణగాథల ధోరణిలో కల్పించిన సీమ అది. దానిలో ఒక భాగాన్ని 2010లో హ్యారీ పోటర్ సీమ కలుపుకొన్నది. అక్కడున్న జంట డ్రాగన్ల రైడ్ పేరు మార్చుకుని కొంతకాలం బతికి, 2017లో మూతపడింది.

కాబట్టి నిజమైన చర్చ మిశ్రమం గురించే. సానపట్టడమంటే మెరుగుపెట్టడమని మనం సాధారణంగా అర్థం చేసుకుంటాం. కాని సాన చేసే పని అరగదీయడం. సినిమాను సీమగా మార్చేటప్పుడు దేనిని అరగదీయాలి? నా సమాధానం: నాయకుణ్ణి, కథాకాలాన్ని. ప్రబంధంలో నగరవర్ణన ముందు వస్తుంది, నాయక ప్రవేశం తరువాత. థీమ్ పార్కు సీమ నగరవర్ణన దగ్గరే ఆగిన ప్రబంధం వంటిది. దానిలో నాయకస్థానం ఖాళీగా ఉంటుంది. సందర్శకుడు నడిచి వచ్చి ఆ ఖాళీలో నిలబడాలి. చిత్రపరంపర తన నాయకుణ్ణి ముందే అక్కడ కూర్చోబెడితే, వచ్చినవాడు మళ్లీ ప్రేక్షకుడే అవుతాడు. దానికి ఇంట్లో తెర చాలు.

4. స్థలప్రధాన కథలు:
2010 జూన్‌లో ప్రారంభమైన హాగ్స్‌మీడ్ విజయాన్ని ఈ దృష్టితో చూడాలి. రౌలింగ్ నవలల్లో పాఠశాల, గ్రామం, అంగళ్లు, రైలు అన్నీ కథకు ముందునుండీ ఉన్నవి, కథ తరువాత కూడా ఉండేవి. హ్యారీ అక్కడికి వచ్చిన ఎందరో విద్యార్థుల్లో ఒకడు. అందువల్ల సందర్శకుడు హ్యారీ కానక్కరలేదు. అక్కడి మామూలు విద్యార్థి చేసే పనులు చేస్తే చాలు: మంత్రదండం ఎంచుకోవడం, బటర్‌బీర్ తాగడం, గుడ్లగూబల తపాలాశాలలో ఉత్తరం మీద ముద్ర వేయించుకోవడం. రైడ్‌లో హ్యారీ కనిపిస్తాడు గాని వీధిలో కనిపించడు. ఆ సంయమనం మెచ్చదగినది. అయితే పై పనులలో చాలావరకు కొనుగోళ్లేనన్న సంగతి మరువరాదు. 2014లో పక్క పార్కులో డయాగన్ ఆలీని కట్టి, రెండింటినీ హాగ్వార్ట్స్ రైలుతో కలిపారు. అది ఎక్కాలంటే రెండు పార్కుల ప్రవేశానికీ డబ్బు కట్టి ఉండాలి. రైలు కల్పితమే, టికెట్టు మాత్రం నిజం.

కాలిఫోర్నియాలో 2012లో వచ్చిన కార్స్ ల్యాండ్ ఇంకా చక్కని ఉదాహరణ. 'కార్స్' (2006) చిత్రానికి పేరు కార్లదే అయినా వస్తువు ఒక ఊరు. కొత్త రహదారి రావడంతో పాత రూట్ 66 మీది రేడియేటర్ స్ప్రింగ్స్ జనం మరచిన ఊరవుతుంది. ఎవరైనా ఆగితే బాగుండునన్నది ఆ ఊరి కోరిక. సీమలోకి వచ్చిన ప్రతి సందర్శకుడూ తెలియకుండానే ఆ కోరిక తీరుస్తున్నాడు. చిత్రం చూసినవారికి ఇది అర్థమవుతుంది. చూడనివారికి సాయంత్రం దీపాలు వెలిగిన ఒక చిన్న ఊరి వీధి మిగులుతుంది. రెండూ పరిపూర్ణమైన అనుభవాలే.

2017 మే 27న ఫ్లోరిడాలోని యానిమల్ కింగ్‌డమ్‌లో మొదలైన పండోరా మీద మొదట్లో అనుమానాలు ఎక్కువ. 'అవతార్' 2009 నాటి సినిమా, రెండవ భాగం 2022 దాకా రాలేదు. పాత్రలు జనం నోళ్లలో నానడం లేదన్నది ఆక్షేపణ. నా దృష్టిలో ఆ సీమకు కలిసివచ్చినది అదే. కథానాయకుని పేరు గుర్తులేనివారికి కూడా గాలిలో తేలే కొండలు గుర్తున్నాయి. నిర్మాతలు సీమను సినిమాలోని యుద్ధం ముగిసిన చాలా కాలం తరువాత నిలిపారు. నాయకుడూ లేడు, సంఘర్షణా లేదు. అడవి ఉంది, అందులో నడిచేవాడు ఉన్నాడు.

5. బటూ – కాలానికి కట్టుబడిన సీమ:
పై తర్కం ప్రకారం అన్నిటికన్నా బాగా పండవలసినది 'స్టార్ వార్స్: గెలాక్సీస్ ఎడ్జ్'. 2019 మేలో కాలిఫోర్నియాలోను, ఆగస్టులో ఫ్లోరిడాలోను 14 ఎకరాల విస్తీర్ణంతో ఇది మొదలైంది. నిర్మాతలు ఏ సినిమాలోనూ లేని బటూ అనే గ్రహాన్ని, బ్లాక్ స్పైర్ అనే మజిలీ పట్టణాన్ని కల్పించారు. ప్రఖ్యాతలోకంలో ఉత్పాద్యస్థలం కావడం వల్ల ఇది శుద్ధమైన మిశ్రమం. పనివారు ఆ గ్రహపు పలకరింపులతో మాట్లాడేవారు. కోకా-కోలాను సైతం గుండ్రని సీసాలో పోసి, ఆ లోకపు లిపితో అమ్మారు. స్థలకల్పనలో ఇంత శ్రద్ధ అరుదు.

తప్పు జరిగినది కాలం దగ్గర. బటూలో ఎప్పుడూ 'ది లాస్ట్ జెడై' (2017) తరువాతి, 'ది రైజ్ ఆఫ్ స్కైవాకర్' (2019 డిసెంబరు) ముందటి కాలమే నడవాలని నిర్ణయించారు. ఫలితంగా నలభై ఏళ్లుగా జనం ఎరిగిన డార్త్ వేడర్‌కు అక్కడ ప్రవేశం లేదు, కథ ప్రకారం అతడు ఎప్పుడో మరణించాడు గనుక. ల్యూక్ కూడా లేడు. తండ్రి తాను చిన్ననాడు చూసిన పాత్రలను కొడుకుకు చూపించాలని వస్తే, అవి ఈ కాలంలో లేవన్న జవాబే అతనికి మిగులుతుంది. పైగా ఆ కాలాన్ని నిర్వచించిన చిత్రత్రయం సీమ తెరిచిన ఏడాదిలోనే ముగిసింది. సినిమా కాలం కదిలిపోయింది, రాయి కదలలేదు.

పాత నాయకులను నిషేధించడం నేను పైన చెప్పిన సానపట్టడం కాదా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. అక్కడ నాయకస్థానం ఖాళీ కాలేదు, కొత్త నాయకులు వచ్చి కూర్చున్నారు. రే, కైలో రెన్‌లు వీధుల్లో తిరిగారు, సందర్శకుడు వారి పోరాటంలో ఒక పక్షం వాడయ్యాడు. 2022 మార్చిలో తెరిచిన 'గెలాక్టిక్ స్టార్‌క్రూయిజర్' విడిది ఈ ధోరణికి పరాకాష్ఠ. ఇద్దరికి సుమారు 4,800 డాలర్లతో మొదలయ్యే ధరకు, రెండు రాత్రులపాటు అతిథి కథలో పాల్గొనాలి. నటీనటుల ప్రతిభను చూసినవారు మెచ్చుకున్నారు. అయినా 2023 సెప్టెంబరు చివర అది మూతపడింది. ధర ఒక కారణమన్నది స్పష్టం. అయితే విహారానికి వచ్చినవాడికి గడియగడియకూ ఒక కర్తవ్యం అప్పగించడం కూడా ఆలోచించవలసిన విషయమే.

2025 చివరలో డిస్నీల్యాండ్ ఒక ప్రకటన చేసింది: కాలిఫోర్నియా బటూలో పాత చిత్రాల కాలాన్ని కూడా అనుమతిస్తారు, వేడర్, ల్యూక్, లేయా, హాన్‌లు కనిపిస్తారు. దీన్ని రాజీ అన్నవారున్నారు. నాకది దిద్దుబాటుగా తోస్తుంది. ఒక పురాణానికి అనేక కాలాలు ఒకే క్షేత్రంలో కలిసి ఉండటం మనకు కొత్త కాదు. భక్తుడు ఒకే గుడిలో బాలకృష్ణుణ్ణీ, గీతాచార్యుణ్ణీ చూసి తికమకపడడు.

6. టామ్ సాయర్ ద్వీపం:
ఇంతవరకు చేసిన ప్రతిపాదనకు గట్టి సాక్ష్యం సినిమా నుండి కాక ఒక నవల నుండి దొరుకుతుంది. ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 1973 నుండి టామ్ సాయర్ ద్వీపం ఉండేది. మూలం మార్క్ ట్వైన్ 1876 నాటి నవల. ఒకే పుస్తకం పేరు, ఒకే పాత్ర పేరు. అంటే అదీ ఏకమూలకమే. అయినా ఆ పుస్తకం చదివి రమ్మని అది ఎవరినీ అడగలేదు. తెప్ప మీద నది దాటాలి. అటుపైన గుహలు, ఊగే వంతెన, కోట, చెట్ల కింద బాటలు. పిల్లలు పరుగెత్తేవారు, పెద్దలు నీడలో కూర్చునేవారు. అక్కడ కొనడానికి కూడా పెద్దగా ఏమీ లేదు.

2025 జూలైలో ఆ ద్వీపాన్ని, దాని చుట్టూ ఉన్న నదిని మూసివేశారు. ఆ స్థలంలో 'కార్స్' ఆధారంగా కొత్త ప్రాంతం వస్తుంది. నాలుగవ భాగంలో కార్స్ ల్యాండ్‌ను మెచ్చుకుని ఇక్కడ ఆక్షేపించడం వైరుధ్యంగా కనబడవచ్చు. కాని ఫ్లోరిడాకు వస్తున్నది రేడియేటర్ స్ప్రింగ్స్ కాదు. కొండదారుల్లో సాగే కార్ల పందెం. ఊరిని కాలిఫోర్నియాలోనే వదిలి, వాహనాలను మాత్రం ఇక్కడికి తెస్తున్నారు. ఆ సినిమాలో సీమ కాదగినది ఏదో, దానినే వదిలేశారు. దానికి బదులుగా పోయినది ఒక నది, ఒక దీవి, అక్కడ ఏ పాత్రా ధరించనక్కరలేకుండా ఒక పిల్లవాడు గడపగలిగిన ఒక మధ్యాహ్నం.